లాడాలు తీసేశాక గిట్టలు ఎవరి చేతికి?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా ఉరవకొండ దగ్గరి పల్లె. నాకు కాఠియావాడీ జాతి ఆడగుర్రం ఉంది, ఎనిమిదేళ్లది. పెళ్లి ఊరేగింపులకు పంపను. ఉదయం దాని మీదే పొలానికి వెళ్లి వస్తాను, ఆదివారాలు కొంచెం దూరం తిప్పుతాను. పొలం నల్లరేగడి, దారంతా కంకర. కొట్టంలో కడప బండలు పరిచాం. ఉగాది తరువాత లాడాలు తీయించి అలాగే వదిలేశాను, ఇప్పటికి నాలుగు నెలలు దాటింది. మా పక్క ఊరిలో ఎద్దులకు లాడాలు కొట్టే పెద్దాయన ఈ మధ్యలో రెండుసార్లు గిట్టలు చెక్కారు. రెండోసారి తరువాత గుర్రం వారం రోజులు కంకర మీద కుంటింది. ఇప్పుడు ఇద్దరి పేర్లు చెబుతున్నారు. ఒకరు బెంగళూరులో పందెపు గుర్రాల దగ్గర పనిచేసినవారు. రెండు నెలలకోసారి వస్తాను గానీ, ఈ రాళ్లలో లాడం లేకుండా కుదరదు అంటున్నారు. ఇంకొకరు హిందూపురం వైపు కుర్రవాడు. లాడం వేయడమే పాపమట. తనకు అప్పగిస్తే ఒక్కరోజులో గిట్టను సహజమైన ఆకారానికి తెస్తాడట. ఇంకా రాకముందే గుర్రం నడిచే వీడియోలు పంపమన్నాడు. ఉలవలు ఎంత పెడుతున్నారు, బెల్లం పెడుతున్నారా అని ఆరా తీశాడు. గిట్టలు చెక్కేవాడికి దాణా సంగతి ఎందుకని విసుగొచ్చింది. ఎవరిని పిలవాలి? ఎంత ఇవ్వాలి?

సమాధానం: మీకు విసుగు తెప్పించిన ఆ ఆరా, మీ ఉత్తరం మొత్తంలో నాకు అన్నిటికన్నా నచ్చిన విషయం. ఆ కుర్రవాడినే పిలవండి అని అప్పుడే అనడం లేదు. కానీ దాణా గురించి అడిగినవాడికి గిట్ట ఎక్కడి నుంచి పెరుగుతుందో తెలుసు. చాలామందికి అదే తెలియదు.

గిట్టకు చుట్టూ కనిపించే గట్టి గోడ లోపలి ఎముకకు నేరుగా అతుక్కుని ఉండదు. రెంటికీ మధ్య సన్నని పొరలు వందల కొద్దీ ఒకదానిలో ఒకటి ఇరుక్కుని పట్టి ఉంచుతాయి. గుర్రం బరువంతా ఆ పట్టు మీదే వేలాడుతుంది. పిండిపదార్థం, తీపి ఎక్కువైతే కొన్ని గుర్రాలలో ఆ పొరలు వాచి, పట్టు సడలుతుంది. కాలు పైకెత్తి అడుగున చూస్తే గోడకు, అరికాలికి మధ్య లేత రంగు గీత ఒకటి కనిపిస్తుంది. పట్టు సడలిన గుర్రంలో ఆ గీత వెడల్పవుతుంది, ఒక్కోసారి అందులో నెత్తుటి మరకలు కూడా ఉంటాయి. అలాంటి గిట్టను ఎంత గొప్ప పనివాడు చెక్కినా, ఇంట్లో జొన్నలు, మొక్కజొన్న, మిగిలిన అన్నం, ప్రేమ కొద్దీ ఉండలు ఉండలుగా బెల్లం పడుతూ ఉంటే అది బాగుపడదు. ఉలవలు వాటంతట అవి శత్రువులు కావు. మన సీమలో గుర్రమంటే ఉలవలే అని గంపలు గుమ్మరించే అలవాటు మాత్రం మంచిది కాదు. ముందు కడుపుకు గడ్డి, దాని మీద కొలతగా దాణా. తవుడు ఎక్కువ పెడుతుంటే అదీ తగ్గించండి. అందులో భాస్వరం ఎక్కువ, సున్నం తక్కువ. ఎముకలకు అది చేటు.

ఇప్పుడు అదే కుర్రవాడి మాటల్లో నన్ను భయపెట్టిన ముక్కకు వస్తాను. ఒక్కరోజులో సహజమైన ఆకారానికి తెస్తాడట! గిట్ట గోడ నెలకు సుమారు 6 నుంచి 10 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ముందువైపు వెంట్రుకల అంచు దగ్గర పుట్టిన గోడ నేలను తాకడానికి 9 నుంచి 12 నెలలు పడుతుంది. మీరు లాడాలు తీయించి నాలుగు నెలలే అయింది కాబట్టి మేకుల రంధ్రాలు ఈపాటికి కిందికి దిగి పోయి ఉండవచ్చు గానీ, నేలను తాకుతున్న గోడ ఇంకా లాడం ఉన్న రోజుల్లో పెరిగినదే. పెరగవలసినదాన్ని కత్తితో తేలేము. ఒక్కరోజులో ఆకారం మార్చాలంటే ఒకటే దారి, బతికి ఉన్న భాగాన్ని కోసేయడం. అలా కోస్తే ఏమవుతుందో మీ గుర్రం వారం రోజులు కుంటి మీకు చూపించింది.

ఆ పెద్దాయనను నేను తప్పుపట్టను. ఎద్దు గిట్ట రెండు చీలికలు. దానికి పని చేసేటప్పుడు తాళ్లతో పడవేసి, కాళ్లు కట్టి, పైపైన చదును చేసి, రెండు రేకులు కొడతారు. చేతి బలం, మేకు దిగే కోణం, వీటిలో ఆయనకు ఉన్న అనుభవం చిన్నది కాదు. గుర్రం గిట్ట ఒకే ముక్క. దాని లోపల ఎముక కొస ఎక్కడ ఉంది, దాని కింద అరికాలు ఎంత మందం మిగిలింది అన్నదే అసలు లెక్క. ఎముక కొస కింద సుమారు 15 మిల్లీమీటర్ల అరికాలు ఉంటే గుర్రం కంకర మీద ధైర్యంగా అడుగు వేస్తుంది. ఆ మందం 10 కన్నా తగ్గితే ప్రతి రాయీ గుచ్చుకుంటుంది. ఎద్దుకు చదును చేసినట్టు అరికాలు నున్నగా, తెల్లగా వచ్చేదాకా చెక్కితే చూడటానికి శుభ్రంగానే ఉంటుంది, పోయేది మాత్రం ఆ మందమే. ఇంకో మాట, ఎవరిని పిలిచినా, ఎవరు వచ్చినా గుర్రాన్ని తాళ్లతో పడవేయనివ్వకండి. నిలబడి ఉన్న గుర్రానికి చేయలేని గిట్ట పని మామూలుగా ఉండదు. మరీ పెంకి గుర్రమైతే పశువైద్యుడు వచ్చి మత్తు ఇచ్చి చేయించాలి.

బెంగళూరు ఆయన సంగతి వేరు. పందెపు గుర్రాల దగ్గర పనిచేసినవారికి గుర్రం కాలు కొత్త కాదు, భయం ఉండదు, చెయ్యి వేగం. కాకపోతే వారి చేతికి అలవాటైన పని లాడానికి గిట్టను సిద్ధం చేయడం. లాడం కూర్చోవాలంటే గోడ అంచు పీటలా చదునుగా ఉండాలి, అరికాలు లాడానికి తగలకుండా కొంచెం లోపలికి తీయాలి. లాడం కొట్టేవారికి ఇది సరైన పనే. లాడం కొట్టకుండా అదే చెక్కుడు చెక్కి గుర్రాన్ని కంకర మీదికి వదిలితే పదునైన చదును అంచు పెచ్చులు పెచ్చులుగా విరుగుతుంది, పలచబడిన అరికాలికి రాళ్లు తగులుతాయి. అప్పుడు చూశారా, లాడం లేకుండా కుదరదని చెప్పాను కదా అంటారు. అబద్ధం చెబుతున్నారని కాదు. ఆయన చూసిన గుర్రాలకు అలాగే జరిగి ఉంటుంది.

లాడం లేని గుర్రానికి పని తెలిసినవాడిని అతను తీసినదాన్ని బట్టి కాక, వదిలినదాన్ని బట్టి పోల్చండి. గోడ అరికాలి కన్నా కొద్దిగా ఎత్తుగా మిగిలేలా ఆపుతాడు. అంచును ఆకురాయితో గుండ్రంగా దొర్లిస్తాడు, అలా చేస్తే పెచ్చులు లేవవు. అరికాలిలో పొడిపొడిగా రాలే చచ్చిన పొర మాత్రం గీకి, గట్టిగా కనిపించే భాగం జోలికి పోడు. మడమ నుంచి ముందుకు కోసుగా వచ్చే ముక్కోణపు మెత్తని భాగం ఉంటుంది కదా, దాన్ని చెక్కి అందంగా చేయాలనే ఉబలాటం చాలామందికి ఉంటుంది. అది కాలికి కుదుపు తగ్గించే చోటు, నేలను తాకుతూ ఉండాలి. వేలాడుతున్న పీలికలు, మురికి చేరే ముడతలు తీస్తే చాలు. గోడ బయటి ముఖాన్ని పైనుంచి కిందిదాకా ఆకురాయితో రాచి నిగనిగలాడించేవాడిని అక్కడే ఆపేయండి. ఆ ముఖం గిట్ట తడిని, ఎండను తట్టుకునే కవచం. ఫోటోకు మెరుపు బాగుంటుంది, సెప్టెంబరు వానల్లో నల్లరేగడి బురదలో ఆ కవచం లేకపోవడం తెలిసివస్తుంది. గిట్ట ముందు కొస పొడుగ్గా, మడమ పల్లంగా వదిలేసేవాడూ ప్రమాదమే. కాలి వెనుక స్నాయువుల మీద ఆ బరువంతా పడుతుంది.

పిలిచిన రోజు ఏం చూడాలి? వచ్చిన మనిషి మొదట కత్తి తీస్తాడా, గుర్రాన్ని నడిపించమంటాడా అన్నది చూడండి. గట్టి నేల మీద నేరుగా నాలుగు అడుగులు, వెనక్కి నాలుగు, రెండు వైపులా ఒక మలుపు. గిట్ట నేలను తాకేటప్పుడు మడమ ముందు దిగుతోందా, కొస ముందు దిగుతోందా అన్నది తెలిసినవాడి కన్ను అక్కడే పట్టేస్తుంది. మడమ నొప్పి ఉన్న గుర్రం కొస మీద దిగుతుంది. మీ కంటికి అంత వేగంలో అందకపోతే ఫోనులో నెమ్మది వీడియో తీసి చూసుకోండి. కుర్రవాడు వీడియోలు అడిగింది ఇందుకే, అందులో తప్పేమీ లేదు. పని అయ్యాక మళ్లీ నడిపించి చూడకుండా డబ్బు తీసుకుని బండి ఎక్కేవాడిని మాత్రం రెండోసారి పిలవకండి.

తరువాత కాలు పట్టే తీరు. ముసలి గుర్రానికో, కీళ్లు బిగిసిన గుర్రానికో కాలు పైకెత్తి అలాగే పట్టుకుంటే అది లాక్కుంటుంది. మంచివాడు కాలిని కిందికే ఉంచి, మధ్యలో దించి విశ్రాంతి ఇస్తాడు. గుర్రం ఒకసారి లాక్కోగానే డొక్కలో ఆకురాయి మొనతో పొడిచేవాడు ఎంత పనిమంతుడైనా నాకు అక్కర్లేదు. ఒక్క దెబ్బతో ఆ గుర్రం ఏడాదిపాటు ఎవరికీ కాలివ్వదు, ఆ శిక్ష తరువాత వచ్చే పనివాడికి, మీకు పడుతుంది. అలాగని అన్నీ పనివాడి మీద వేయకండి. గుర్రానికి కాళ్లు ఇవ్వడం నేర్పాల్సింది మీరు. రోజూ నాలుగు కాళ్లూ ఎత్తి కొక్కెంతో మట్టి, పేడ తీస్తుంటే అదే అలవాటవుతుంది. అతను వచ్చిన రోజున కొత్తగా నేర్పమంటే ఎవరికైనా ఓపిక పోతుంది.

ఫోనులో మాట్లాడేటప్పుడు ఒక ప్రశ్న తప్పకుండా వేయండి. మీరు చెక్కిన మర్నాడు గుర్రం కుంటితే ఏం చేస్తారు? అది మామూలే, అలవాటవుతుంది, వారంలో సర్దుకుంటుంది అని వెంటనే జవాబిస్తే జాగ్రత్త పడండి. లాడం తీసిన కొత్తలో గుర్రం రాళ్ల మీద ఆచితూచి నడవడం వేరు, అప్పటిదాకా బాగా నడిచే గుర్రం చెక్కిన మర్నాటి నుంచి కుంటడం వేరు. రెండోది ఎక్కువ కోశారనడానికి గుర్తు. దాన్ని మామూలు అనేవాడు మళ్లీ కోస్తాడు. వెంటనే ఫోను చేయండి, ఫోటోలు పంపండి, అవసరమైతే పశువైద్యుడితో నేనూ మాట్లాడతాను అన్నవాడితో ముందుకు వెళ్లవచ్చు. ఇంకో ప్రశ్న కూడా అడగండి. ఏడాదిగా మీరే చూస్తున్న లాడం లేని గుర్రాలు ఎక్కడున్నాయి, వెళ్లి చూడవచ్చా? వాటి యజమానులతో మాట్లాడటం కన్నా ఆ గుర్రాలు కంకర మీద నడవడం చూడటం మేలు. యజమానులు మొహమాటపడతారు.

లాడం పాపమా, కాదా అన్న వాదనలోకి దిగవద్దు. గుర్రం అడవిలో లాడాలు లేకుండానే బతికింది అంటారు, నిజమే. ఆస్ట్రేలియాలో అడవి గుర్రాలకు జీపీఎస్ పట్టీలు కట్టి చూస్తే అవి రోజుకు సగటున సుమారు 16 కిలోమీటర్లు నడుస్తున్నాయని తేలింది. కడప బండల మీద ఇరవై గంటలు నిలబడే గుర్రాన్ని వాటితో పోల్చడం ఏమిటి? పైగా ఆ అడవి గుర్రాల గిట్టలను పరిశీలించినప్పుడు వాటిలోనూ జబ్బులు కనిపించాయి. సహజం అన్న మాట వినగానే కళ్లు మూసుకోనక్కర్లేదు. గోడ నిలువునా చీలినప్పుడో, లోపలి పట్టు సడలినప్పుడో కొంతకాలం లాడం అవసరం పడవచ్చు, అలాంటప్పుడు కూడా వద్దనేవాడు గుర్రం కన్నా తన సిద్ధాంతాన్ని ఎక్కువ ప్రేమిస్తున్నట్టు. అటు బెంగళూరు ఆయన అన్నట్టు మన రాళ్లలో అసలు కుదరదన్నదీ నిజం కాదు. పొడి నేల, ఎర్రటి గరుగు మట్టి గిట్టను గట్టిపరుస్తాయి. గిట్టకు ఇబ్బంది కలిగించేది ఒక్కసారిగా మారడం. నెల రోజులు మెత్తటి బురదలో నానిన గిట్టతో ఆదివారం కంకర మీద పరుగు తీయిస్తే ఏ గుర్రమైనా కుంటుతుంది. అలాంటి రోజులకు రబ్బరు అడుగు ఉన్న గుర్రపు బూట్లు దొరుకుతాయి. స్వారీకి తొడిగి, ఇంటికి రాగానే విప్పేయాలి. కొలత మాత్రం గిట్ట చెక్కిన వెంటనే తీసుకోవాలి, నెల ఆగి తీస్తే పెరిగిన గిట్ట కొలత వస్తుంది.

మేకులు కొట్టి లాడాలు వేయడం తెలియని కాలంలో గ్రీకులు కొట్టం బయట బండ్ల కొద్దీ గుండ్రాళ్లు పరిచి గుర్రాలను వాటి మీద నిలబెట్టేవారు. ఒక్కో రాయి చేతిలో పట్టేంత. మీరూ నీళ్ల తొట్టి చుట్టూ పెన్న ఇసుకలో దొరికే నున్నటి గులకరాళ్లు ఒక పొర పరచండి. నీళ్లకు వచ్చిన ప్రతిసారీ కొంతసేపు వాటి మీద నిలబడుతుంది. గిట్ట నెమ్మదిగా గట్టిపడుతుంది, మీకు ఖర్చు లేదు. కంకర వద్దు, దాని అంచులు కోస్తాయి.

కొట్టం నేల గురించి కూడా చెప్పేస్తాను. కడప బండలు కడగడానికి బాగుంటాయి, గుర్రానికి జారతాయి. మూత్రం అతుకుల్లో నిలుస్తుంది. రోజంతా ఆ తడిలో నిలబడితే మడమ దగ్గరి ముడతల్లో నల్లగా జిడ్డులా చేరి కంపు కొడుతుంది. ఆ కంపు ఒక్కసారి పీలిస్తే మరిచిపోలేరు. అది కుళ్లు తెగులు, ముదిరితే నొప్పి. బండల మీద వరి ఊక మందంగా పరిచి, తడిసిన చోట రోజూ మార్చండి. మన జిల్లాలో వేరుశనగ పొట్టుకు కొదవ లేదు కదా అని అది పరుస్తారు కొందరు. బూజు పట్టినది గుర్రం నోట్లో పెట్టుకుంటే ప్రమాదం. దాణా మాత్రం నేల మీద కాక తొట్టిలోనే వేయండి.

సర్టిఫికెట్ల మాట మీరు ఎత్తలేదు గానీ ఎవరో ఒకరు ఎత్తుతారు. బ్రిటన్‌లో 1975 నాటి చట్టం ప్రకారం నమోదు కాని మనిషి గుర్రానికి లాడం కొట్టడం నేరం. అక్కడ కూడా లాడం లేని గిట్ట చెక్కడానికి ఆ చట్టం అడ్డు లేదు, ఎవరైనా చేయవచ్చు. కాబట్టి విదేశీ శిక్షణ అని గోడకు తగిలించిన కాగితం ఒక్కటే చూసి గుర్రాన్ని అప్పగించకండి. ఎంతకాలం, ఎవరి దగ్గర, ఎన్ని రకాల గుర్రాల మీద నేర్చుకున్నారో అడగండి. రెండు రోజుల శిబిరం, వందల వీడియోలు కలిపి పనితనం కాదు. మన దగ్గర చాలామంది మరిచిపోయే దారి ఒకటుంది. మీరట్‌లోని సైన్యపు పశువైద్య కేంద్రంలో గుర్రాలకు లాడాలు వేసే పనిలో శిక్షణ ఇస్తారు. సీమలో మాజీ సైనికులకు తక్కువ లేదు. అనంతపురంలోని సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లి, ఆ విభాగంలో పనిచేసి వచ్చినవారు ఎవరైనా ఉన్నారా అని అడగండి. దొరికితే మీ అదృష్టం. బెంగళూరు, హైదరాబాదు దాకా వెతికే పని తప్పుతుంది. ఆయనకూ ఇవే ప్రశ్నలు వేయాలనుకోండి.

గిట్ట పనివాడు వైద్యుడు కాడు. ఈ గీత దాటేవాడిని నమ్మకండి. గుర్రం ఉన్నట్టుండి ఒక కాలు నేలకు ఆనించలేకపోయినా, ముందు కాళ్లు చాచి బరువంతా వెనక్కి వేసి నిలబడినా, గిట్టలు వేడిగా ఉండి కాలి వెనుక నాడి టకటకా కొట్టుకుంటున్నా ఆ రోజే పశువైద్యుడిని పిలవాలి. లోపల చీము పట్టి ఉండవచ్చు, పొరల వాపు మొదలై ఉండవచ్చు. కత్తితో తవ్వి చూద్దామనేవాడిని తవ్వనివ్వకండి. అడుగున మేకో ముల్లో దిగితే మరీ ఆలస్యం చేయవద్దు. గుర్రాలకు ధనుర్వాతం తేలికగా సోకుతుంది, టీకా వేయించారో లేదో ముందే చూసుకోండి. మీ గుర్రం వారం కుంటింది కాబట్టి, ఎవరిని పిలిచినా అంతకన్నా మునుపే, ముందు కాళ్లకు పక్క నుంచి ఒక ఎక్స్‌రే తీయించడం మంచిది. అరికాలు మందం ఎంత, ఎముక కోణం ఎలా ఉంది అన్నది ఊహ లేకుండా తెలుస్తుంది. మీ ఊరి పశువైద్యశాలలో వీలుకాకపోతే ప్రొద్దుటూరు పశువైద్య కళాశాలకు ఫోను చేసి, గుర్రానికి తీస్తారా అని కనుక్కుని బయలుదేరండి. ఆ ఎక్స్‌రే చూపించినప్పుడు మీ పనివాడి ముఖం గమనించండి. ఆసక్తిగా అడిగి తెలుసుకునేవాడు ఒక రకం, నా చేతికి ఇవన్నీ అవసరం లేదు అనేవాడు ఇంకో రకం. రెండో రకం వద్దు.

ఇక మీ అసలు ప్రశ్న. మీ స్థానంలో నేనుంటే కుర్రవాడిని పిలుస్తాను, కానీ అతని షరతుల మీద కాదు. ఎక్స్‌రే ముందు పెడతాను. మొదటి రోజు కత్తి బయటికి తీయవద్దు, అరికాలు ముట్టవద్దు, ఆకురాయితో అంచు గుండ్రం చేసి ఆపమంటాను. నాలుగు వారాలకు మళ్లీ రమ్మంటాను. లాడం లేని గుర్రానికి నాలుగు నుంచి ఆరు వారాలకోసారి కొద్దికొద్దిగా చేయించడమే పద్ధతి. రెండు నెలలు ఆగి ఒక్కసారి ఎక్కువ తీయడం వల్లే చాలా గుర్రాలు కుంటుతాయి, బెంగళూరు ఆయన గడువుతో నా పేచీ అక్కడే. ఒక్కరోజులో ఆకారం తెస్తానన్న కుర్రవాడు ఈ షరతులకు ఒప్పుకుంటే అతనికి పని నేర్చుకునే బుద్ధి ఉందన్నమాట. ఒప్పుకోకపోతే బెంగళూరు ఆయనకు ఫోను చేసి, లాడం కొట్టకుండా, అంచు గుండ్రం చేసి అరికాలు వదిలేసే పని మీకు ఇష్టమేనా అని సూటిగా అడగండి. ఇష్టమే అంటే ఆయనే మేలు కావచ్చు, గుర్రాలను చూసిన కన్ను ఆయనది. ఇద్దరూ కాదంటే కొన్నాళ్లు ఎవరూ వద్దు. రోజూ నడిపిస్తూ, నేల మీద గిట్టను అరగనిస్తూ, మంచి మనిషి కోసం వెతుకుతూ ఉండండి. నాలుగు వారాలు ఆలస్యమైన గిట్టను సరిచేయవచ్చు. లోతుగా కోసేసిన అరికాలు మళ్లీ పెరగడానికి నెలలు పడుతుంది.

ఎవరు వచ్చినా ప్రతిసారీ ముందూ వెనుకా ఫోటోలు తీసి పెట్టుకోండి. ఫోను నేల మీద ఆనించి పక్క నుంచి ఒకటి, కాలు ఎత్తి అడుగు ఒకటి, వెనుక నుంచి మడమలు ఒకటి. ఆరు నెలల ఫోటోలు వరుసగా పెట్టి చూస్తే మడమ వెడల్పవుతోందా, ముందు కొస పొడుగు తగ్గుతోందా, లేత గీత సన్నబడుతోందా అన్నది మీకే కనిపిస్తుంది, నన్ను అడగనక్కర్లేదు. ఎవరైనా బయోటిన్ అనే విటమిన్ పెట్టమంటే అది మాయ కాదు, మోసమూ కాదు. రోజుకు 20 మిల్లీగ్రాముల చొప్పున నెలల తరబడి పెడితే కొత్తగా పెరిగే గోడ మెరుగవుతుంది, పాత గోడ మారదు. వారంలో ఫలితం అని సీసా అమ్మేవాడి దగ్గర కొనకండి.

డబ్బు సంగతి. గిట్టలు బాగుచేస్తానని మొత్తానికి ఒక ధర చెప్పేవాడితో బేరం కుదుర్చుకోవద్దు. అలా కుదుర్చుకుంటే తొందరగా చేసి చూపించాలని కత్తి లోతుగా దిగుతుంది. రాకకు ఇంత, ప్రయాణానికి ఇంత అని విడివిడిగా మాట్లాడుకోండి. దూరం నుంచి వచ్చేవారికి ప్రయాణ ఖర్చే ఎక్కువ. గుంతకల్లు, అనంతపురం, గుత్తి వైపు ఊరేగింపు గుర్రాలు ఉంచుకునేవారు ఉంటారు. ఇద్దరు ముగ్గురు కలిసి ఒకే రోజు పిలిపించుకుంటే ఆ ఖర్చు పంచుకోవచ్చు, ఆరు వారాల గడువుకు ఆయనకూ రావడానికి వీలవుతుంది. మొదటి రోజు పని తక్కువగా ఉందని డబ్బు తగ్గించకండి, తక్కువ చేయమన్నది మనమే కదా. వెళ్లేముందు మళ్లీ వచ్చే తేదీ అడిగి క్యాలెండరులో రాయించుకోండి.